ఉంగరం పైన కోత

"తినొచ్చు" అంది వెందులా.

ఆ మాట అనే హక్కు ఆమెకు లేదు. శిలీంధ్రశాస్త్ర విభాగం వరండాలో ఆమె కూర్చున్న బల్లకు ఎదురుగానే, గోడ మీద, అక్కడి సహ ఆచార్యుడు డోసెంట్ వోత్రుబా తన చేత్తో రాసి అంటించిన కాగితం ఉంది. విద్యార్థులు పుట్టగొడుగు పేరు చెప్పవచ్చు, ప్రజాతి చెప్పవచ్చు, కుటుంబం చెప్పవచ్చు. తినవచ్చునని మాత్రం చెప్పరాదు. ఆ ఒక్క మాట డోసెంట్‌ది. సెప్టెంబరు వచ్చిందంటే సోమ, గురువారాలు పొద్దున్న ఎనిమిది నుంచి పది దాకా ఊళ్ళోవాళ్ళు అడవిలో ఏరుకున్నవి బుట్టలతో తెచ్చి చూపించుకుంటారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ బల్ల వెనక ఆయనే కూర్చుంటున్నాడు.

ఆ సోమవారం ఆయన రైలు ఆలస్యమైంది. నాలుగు రోజులు కురిసి వెలిసిన వాన. వరండా నిండా బుట్టలు, తడి బూట్లు, విసుగు. చివరి ఏడాది చదువుతున్న వెందులా ఒక్కతే బల్ల దగ్గర ఉంది. బుధవారం ఆమెకు వర్గీకరణ పరీక్ష. యాభై నమూనాలు వరసగా పెడతారు. ఒక్కోదానికి పేరు, కుటుంబం, ఎందుకు అదే అయింది అన్న కారణం రాయాలి.

"అమ్మాయ్, కాస్త తొందరగా చూడు" అంది ఆ పెద్దావిడ, బుట్ట బల్ల మీద పెడుతూ. "మా ఆయనకి పదకొండున్నరకి పళ్ళెం ముందుకి రాకపోతే ఆయన ఆకలి వీధి చివరిదాకా వినిపిస్తుంది."

బుట్టలో ఫెర్న్ ఆకుల మీద పదిహేను దాకా లేత ఆకుపచ్చ గొడుగులు బోర్లించి ఉన్నాయి. పావురపు గొడుగులు. ఈ దేశంలో చిన్నపిల్లలకు కూడా తెలిసినవి.

"కాడలేవి, పాని?" అమ్మగారూ అన్నట్టే మర్యాదగా అడిగింది వెందులా.

"కాడలెందుకు? రొట్టెపొడిలో దొర్లించి వేయించుకోవడానికి గొడుగులు చాలవూ? గొడుగు కిందికల్లా కోసి, కాడలు నేలలోనే వదిలేశా. పుట్టగొడుగుని పెళ్ళగించే అలవాటు మా ఇంటా వంటా లేదు."

"ఎక్కడ ఏరారు?"

"కాపలా గుట్ట మీద. స్ప్రూస్ చెట్ల కింద." ఆవిడ వెందులా కళ్ళల్లోకి సూటిగా చూస్తూ చెప్పింది.

వెందులా పైనున్న రెండింటిని తీసి మొప్పలు గోటితో నొక్కింది. సుద్దముక్కలా పటుక్కున విరిగాయి. పావురపు గొడుగుకు అదే గుర్తు.

"కబుర్లు తర్వాత చెప్పుకోండమ్మా" అన్నాడు వెనక నుంచి ఒకాయన. "నా బుట్టలో పురుగులు పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కంటున్నాయి."

వరండా అంతా నవ్వింది. పెద్దావిడ నవ్వలేదు. "తినొచ్చా, తినకూడదా? ఆ ముక్క చెప్పు."

అప్పుడు అంది వెందులా ఆ మాట. అని ఊరుకోలేదు. "నాకొకటి ఇస్తారా? పరీక్షకి చూసుకుంటాను" అని అడిగింది. ఆవిడ బుట్ట అడుగుదాకా వెతికి అన్నిట్లోకీ నునుపైనదాన్ని తీసి ఇచ్చింది. వెందులా దాన్ని చూడకుండానే కాగితం సంచిలో పడేసింది. పేరు అడుగుదామనుకునేలోగా పురుగుల పెళ్ళివారి బుట్ట ముందుకొచ్చింది.

పదీ ముప్ఫై అయిదుకు ప్రయోగశాలలో తీరిగ్గా ఆ గొడుగు తీసింది. మొప్ప నుంచి సన్నటి పొర కోసి, అయోడిన్ ద్రావణం చుక్క వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టింది. సిద్ధబీజాలు నీలంగా మారాయి. మారాలి కూడా. పావురపు గొడుగు బీజాలు నీలంగా మారి, వాటి మీది బొడిపెలు మొటిమల్లా స్పష్టంగా కనిపిస్తాయి.

బొడిపెలు లేవు.

కటకం మార్చింది. ఇంకో పొర కోసింది. గుడ్డు పెంకులా నున్నగా, ఎక్కడా గరుకు లేకుండా ఉన్నాయి. పొద్దున్న చెయ్యాల్సిన పని ఇప్పుడు చేసింది. మొప్పను గోటితో నొక్కింది. విరగలేదు. తడిగుడ్డలా వంగింది.

పచ్చ ఈగచంపు. ఈ ఖండంలో పుట్టగొడుగు తిని చచ్చిపోయేవాళ్ళలో ఎక్కువమందిని తీసుకుపోయేది అదే. ఉడకబెట్టినా, వేయించినా, ఎండబెట్టినా దాని విషం దిగదు. చాలా రుచిగా ఉంటుందట. తిన్నవాళ్ళే చెప్పారు.

డోసెంట్ వోత్రుబా అప్పుడే కోటు విప్పుతూ లోపలికొచ్చాడు. వెందులా కుర్చీలోంచి లేచి పక్కకు తప్పుకుంది. ఆయన వంగి అర నిమిషం చూశాడు.

"ఎవరు తెచ్చారిది?"

"ఒక పెద్దావిడ, డోసెంట్ గారూ. తినొచ్చని చెప్పాను."

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేదనిపించింది.

"బుట్టలో ఎన్ని?"

"పదిహేను."

"నువ్వు చూసినవి?"

"రెండు."

"ఆవిడ పేరు?"

"తెలీదు. కాపలా గుట్ట మీద స్ప్రూస్ చెట్ల కింద ఏరానంది. పదకొండున్నరకి భోజనం అంది."

ఆయన అప్పటికే మున్సిపాలిటీకి ఫోను తిప్పుతున్నాడు. ఊళ్ళో ప్రతి వీధి స్తంభానికీ మైకులున్నాయి. నీళ్ళు రాని రోజునా, వరద హెచ్చరిక ఇచ్చే రోజునా అవి మోగుతాయి.

"ప్రకటనకి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలండీ" అంది అవతలి గుమాస్తా. గదంతా వినిపించింది.

"అమ్మాయ్, మనిషి పోయాక సంతాప సభ ప్రకటనకి దరఖాస్తు ఇస్తాను. దీనికి మాత్రం ఇప్పుడే మైకు పెట్టు."

పదకొండుకు అయిదు నిమిషాలుండగా మైకుల్లో ముందు బ్యాండు పాట వచ్చింది. ఆనవాయితీ ప్రకారం అది పూర్తిగా మోగాకే మాట వస్తుంది. వెందులా ఆ పాటంతా నిలబడే విన్నది. "ఈ ఉదయం కాపలా గుట్ట స్ప్రూస్ అడవిలో ఆకుపచ్చ పుట్టగొడుగులు ఏరి విశ్వవిద్యాలయంలో చూపించుకున్న మహిళ వాటిని తినరాదు. వెంటనే ఫోను చేయవలెను."

ఫోన్లు మొదలయ్యాయి. ఒకాయన పోయిన ఏడాది తిన్నవాటి గురించి అడిగాడు. ఒకావిడ ఏడుస్తూ చేసింది, ఆవిడ ఏరినవి గోధుమరంగువి. ఇంకొకాయన గొంతు తగ్గించి, "గుట్ట మీద పావురపు గొడుగులు వచ్చాయా? ఏ పక్కన?" అన్నాడు. డోసెంట్ ఫోను ఠక్కున పెట్టేశాడు.

పదకొండూ పది. ఆ పెద్దావిడ చెయ్యలేదు.

వెందులా కూర్చోలేకపోయింది. కిటికీ దగ్గరికి వెళ్ళింది, బల్ల దగ్గరికొచ్చింది, మళ్ళీ ఆ గొడుగును చేతిలోకి తీసుకుంది. అంచు లోపల తడికి అతుక్కుని గోరంత ఆకుముక్క ఉంది. పట్టకారతో తీసి కాంతిలో పెట్టింది. అంచు మెలికలు తిరిగి ఉంది. ఓక్ ఆకు. స్ప్రూస్ సూది ఆకు ఒక్కటీ లేదు.

"డోసెంట్ గారూ, నేల కింద దీని దారాలు ఓక్ వేళ్ళని చుట్టుకుని బతుకుతాయి కదా?"

"పరీక్ష బుధవారం, ఇప్పుడు కాదు."

"గుట్ట మీద ఓక్ చెట్టు ఒక్కటైనా ఉందా?"

వోత్రుబా కళ్ళజోడు తీశాడు. "అబద్ధం చెప్పింది" అన్నాడు మెల్లగా. "చెప్పదూ మరి! ముప్ఫై ఏళ్ళలో ఈ బల్ల ముందు తన చోటు నిజంగా చెప్పినవాడు ఒక్కడు లేడు. మా అమ్మ నాకే చెప్పకుండా పోయింది. అడగడం నీ తప్పు కాదు. నమ్మడం నా తప్పు. ఆవిడ అబద్ధాన్ని మైకు పెట్టి ఊరంతా చాటించాను."

మళ్ళీ మున్సిపాలిటీకి చేశాడు. ఫోను మోగుతూనే ఉంది. భోజనాల వేళ అయింది, ఎవరూ ఎత్తలేదు. ఆయన కోటు చేతిలో పట్టుకునే మెట్లు దిగి అటు పరుగెత్తాడు. వెందులా సైకిలెక్కి ఇటు.

ఎటన్నది ఆలోచించాల్సిన పని లేదు. ఆవిడ ఎనిమిదిన్నరకల్లా నడిచి వచ్చింది. బూట్లు తడి, కోతలు తడి. నడిచి రాగలిగినంత దూరంలో ఓక్ చెట్లున్నది నది అవతల మేకల వాలు మీదే. వాలు కింద కూరగాయల మళ్ళు, వాటి మధ్య చెక్క కుటీరాలు. ఉద్యోగాలు దిగిపోయినవాళ్ళు మంచు పడేదాకా అక్కడే కాపురం.

మొదటి కంచె దగ్గర ఒక పెద్దాయన క్యాబేజీకి నీళ్ళు పెడుతున్నాడు.

"తాతగారూ, ఈ పొద్దున్న ఈ వాలు మీద పుట్టగొడుగులు ఏరినావిడ ఎవరండీ?"

"ఇక్కడా? ఇక్కడ పుట్టగొడుగులు మొలవ్వమ్మా." ఆయన వెనక కిటికీ గట్టు మీద, వార్తాపత్రిక పరిచి, ముక్కలుగా తరిగినవి ఎండుతున్నాయి.

"ప్రాణం మీదికొచ్చిందండీ."

"విన్నాలే మైకులో. గుట్ట మీద ఎవరో. పాపం."

"గుట్ట మీద కాదు. ఇక్కడే."

పెద్దాయన గొట్టాన్ని ఇంకో పాదులోకి మార్చాడు. "నేను క్యాబేజీ వేస్తా, క్యారెట్లు వేస్తా. పైన ఏముందో నాకేం తెలుసు?"

అలా ఇల్లిల్లూ అడుగుతూ పోతే మధ్యాహ్నం అవుతుంది. వెందులా సైకిలు పడేసి వాలు ఎక్కింది. మనుషులు చెప్పకపోతే నేల చెబుతుంది.

మూడో ఓక్ కింద కనిపించాయి, తలలు లేని తెల్లటి కాడలు. బుట్టలోని గొడుగులు ఎన్నో ఇంచుమించు అన్ని. మోకాళ్ళ మీద కూలబడి ఒక్కొక్కటే చూసింది. లావుగా, పొట్టిగా, వేలు తగిలితే సుద్దలా చిట్లేవి పావురపువి. వాటి మధ్య నాలుగు సన్నగా, పొడుగ్గా నిలబడి ఉన్నాయి. ఒక్కోదాని మెడ కింద గౌను కుచ్చులా వేలాడే ఉంగరం. మట్టి తవ్వితే అడుగున చినిగిన తెల్లటి గిన్నె. ఈగచంపుకు ఉన్న గుర్తులు రెండు. ఆవిడ కత్తి ఉంగరం పైన పడింది. రెండూ నేలలోనే ఉండిపోయాయి.

నాలుగు. ఒకటి ప్రయోగశాలలో ఉంది. మూడు ఆవిడ పెనంలో ఉన్నాయి.

ఆ నాలుగు కాడల్నీ గిన్నెలతో సహా తవ్వి చేతిరుమాల్లో చుట్టింది. తడి ఫెర్న్ మొక్కలు తొక్కుడుకు వంగి, కిందికి ఒకే బాటగా కనిపిస్తున్నాయి. ఆ బాట వెంట జారుతూ పరుగెత్తింది. అది ఒక కుటీరం పెరటి గేటు దగ్గర ఆగింది. గేటు లోపల్నుంచి కొవ్వులో వేగుతున్న రొట్టెపొడి వాసన.

పదకొండూ నలభై.

"అరె, నువ్వా!" అంది పెద్దావిడ పొయ్యి దగ్గర నుంచి. "సరిగ్గా వేళకొచ్చావు. కూర్చో, పళ్ళెం తెస్తా."

"తిన్నారా?"

"నేనింకా లేదు, ఒల్డా మొదలెట్టాడు. మైకులో విన్నావా? ఎవరో పిచ్చిది గుట్ట మీద ఏరిందట. నాకు ప్రాణం ఉసూరుమంది."

"పాని, అది మీరే."

"నేనా? నేను గుట్ట మీద ఏర్లే..." ఆవిడ చేతిలో అట్లకాడ ఆగింది. పెనంలో కొవ్వు మాత్రం చిటపటలాడుతూనే ఉంది.

బల్ల దగ్గర భారీ మనిషి, తెల్లమీసాలు, బంగాళదుంపల సలాడ్ పక్కన మూడో ముక్క సగంలో ఉన్నాడు. "లిబుష్కా" అన్నాడు నోటి నిండా పెట్టుకుని, "పెళ్ళయిన నలభై నాలుగేళ్ళలో ఇంత రుచిగా ఎప్పుడూ చెయ్యలేదు నువ్వు."

వెందులా ఆయన పళ్ళెం లాగేసుకుంది.

ఆసుపత్రిలో కడుపు కడిగారు, బొగ్గుపొడి తాగించారు, చేతికి సూది గుచ్చి మందు ఎక్కించడం మొదలుపెట్టారు. వోత్రుబా ఒల్డా పళ్ళెంలో మిగిలినదాన్ని ప్రయోగశాలకు పట్టుకెళ్ళి చూసి ఫోను చేశాడు. తినగా మిగిలిన సగం ముక్క ఈగచంపే. మిగతా రెండింటి సంగతి చెప్పలేడు, అవి ఇంకెక్కడా లేవు.

మొదట ఏమీ కాలేదు. ఒల్డా షెబెస్టా నర్సులతో వేళాకోళమాడాడు. చీకటి పడ్డాక వాంతులు మొదలయ్యాయి, విరేచనాలు మొదలయ్యాయి. మంగళవారమంతా ఆ మనిషి గుడ్డపేలికలా ఉన్నాడు. పెద్దావిడ లిబుషె మంచం పక్క నుంచి కదల్లేదు. వెందులాతో ఒక్క మాట మాట్లాడలేదు.

బుధవారం తెల్లవారేసరికి అన్నీ ఆగిపోయాయి.

పరీక్ష హాల్లో యాభై నమూనాలు వరసగా పెట్టే వేళకు వెందులా ఆసుపత్రి వరండాలో ఉంది. హాల్లో ఆమె కుర్చీ ఖాళీ. గదిలోంచి ఒల్డా గొంతు ఖంగుమంటోంది. మంచం అంచున కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. కాళ్ళ దగ్గర బూట్లు ఉన్నాయి. సొంత బాధ్యత మీద వెళ్ళిపోతానని సంతకం చేసే కాగితం వార్డు డాక్టరమ్మ చేతిలో ఉంది.

"వద్దని చెప్పాను" అంది డాక్టరమ్మ వెందులాతో. "సంతకం పెడితే ఆపే అధికారం నాకు లేదు."

"నాకు జబ్బు లేదు, కోళ్ళకి గింజలు లేవు" అన్నాడు ఒల్డా. "లిబుష్కా, పెన్ను."

వెందులా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇవాళ వెళ్ళకూడదు. మూడో రోజు ఇలాగే బాగుంటుంది. బాగైనట్టు కనిపించే ఈ రోజునే అది లోపల లివర్ని తినేస్తుంది."

లిబుషె అప్పుడు నోరు విప్పింది. రెండు రోజులుగా లోపల అణచుకున్నదంతా గొంతులోకి వచ్చింది. "సోమవారం పొద్దున్న తినొచ్చన్నావు. మధ్యాహ్నం వచ్చి పళ్ళెం లాక్కున్నావు. ఇవాళ లేచి తిరిగే మనిషిని పడుకోబెట్టమంటున్నావు. వీటిలో ఏ మాటని నమ్మమంటావే నన్ను?"

వెందులా సంచిలోంచి రెండు పొట్లాలు తీసింది. ప్రయోగశాల ఫ్రిజ్‌లో రెండు రోజులుంచినవి, కొంచెం వాడాయి. ఒకదాంట్లో గొడుగు. రెండోదాంట్లో ఉంగరమూ గిన్నే ఉన్న కాడ, నాలుగింటిలో దానికి అతికింది. గొడుగును కాడ మీద పెట్టింది. ఏటవాలు కోత సరిగ్గా కూర్చుంది. కోత మధ్యలో దారంలాంటి సన్నటి గీత, రెండు వైపులా ఒకే చోట.

లిబుషె ముందుకు వంగింది. ఆ గీత ఎక్కడిదో ఆమెకు తెలుసు. తండ్రి ఇచ్చిన కత్తి అలుగుకు చిన్న నొక్కు ఉంది. యాభై ఏళ్ళుగా ఆమె కోసిన ప్రతి కాడ మీదా ఆ గీత పడుతూనే ఉంది.

"మీరు ఉంగరం పైన కోశారు" అంది వెందులా. "కింద ఏముందో మీరు చూడలేదు. మీరు చూపించనిదాన్ని ఉందో లేదో నేనూ అడగలేదు. పదిహేనింటిలో రెండు చూసి, పదమూడింటి మీద అబద్ధం చెప్పాను. అప్పుడు నాకు తెలీదు, తెలిసినట్టు చెప్పాను. ఇది మాత్రం తెలిసి చెబుతున్నాను. పంపించకండి."

లిబుషె లేచి, మొగుడి కాళ్ళ దగ్గరున్న బూట్లు తీసింది. తన కుర్చీ కిందికి తోసి, పైన కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంది.

"లిబుష్కా, నా బూట్లు."

"తడిగా ఉన్నాయి."

"రెండు రోజుల్నుంచీ గదిలోనే ఉన్నాయి, ఎట్లా తడుస్తాయే?"

"తడిగా ఉన్నాయన్నాను."

డాక్టరమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది.

సాయంత్రం రక్తపరీక్ష వచ్చింది. లివర్ దెబ్బతిన్నదీ లేనిదీ చెప్పే అంకె నలభై లోపు ఉండాలి. మూడు వేలు ఉంది. ఇంట్లో ఉండి ఉంటే ఆ రాత్రి బాగా నిద్రపోయేవాడు, అంతే. గురువారం అయిదు వేలు. ఒల్డా కళ్ళు పచ్చబడ్డాయి, వేళాకోళాలు మానేశాడు, మగతలో కోళ్ళని పేర్లు పెట్టి పిలిచాడు. శుక్రవారం డాక్టరమ్మ ప్రాగ్‌కు ఫోను చేసి లివరు మార్పిడి జాబితాలో పేరు రాయించమంది. వెందులా వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. యాభై మూడు అడుగులు. వోత్రుబా ఒకసారి వచ్చి, పక్కన నిలబడి, ఆమె చేతిలో రెండు రొట్టె ముక్కలు పెట్టి వెళ్ళాడు.

శనివారం పొద్దున్న నర్సు కాగితం తెచ్చింది. నాలుగు వేల రెండు వందలు.

"తగ్గిందా?" అంది లిబుషె.

"తగ్గింది."

"మళ్ళీ చూడు."

నర్సు మళ్ళీ చూసింది. "తగ్గిందమ్మా."

లిబుషె నర్సును వదిలేసి వెందులా వైపు తిరిగింది. అయిదు రాత్రుల నిద్రలేమికి ఆమె మొహం పీక్కుపోయింది. "ఇంక గండం గడిచినట్టేనా?"

అవునంటే సరిపోయేది. నర్సు అలాగే అనేట్టు ఉంది. వెందులా కాగితం తీసుకుని కిందిదాకా చదివింది. రక్తం గడ్డకట్టే సమయం ఇంకా మామూలుకు రాలేదు.

"తెలీదు, పాని. ఇంకా తెలీదు. తెలిసినప్పుడు చెప్తాను."

లిబుషె తలూపింది. మళ్ళీ అడగలేదు. శనివారం గడిచింది, ఆదివారం గడిచింది. సోమవారం మధ్యాహ్నం కొత్త కాగితం వచ్చింది, అందులో రక్తం గడ్డకట్టే సమయం మామూలుకు దిగింది. వెందులా దాన్ని మూడుసార్లు చదివింది, డాక్టరమ్మ దగ్గరికెళ్ళి ఒకసారి చదివించుకుంది.

అప్పుడు వచ్చి చెప్పింది.